ఆ రెండో చెంచా ఎవరు వేస్తున్నారు?

అందరికీ నమస్కారం. నా చేతిలో ఏముందో కనిపిస్తోందా? వెనక వరసలో కూర్చున్నవాళ్లకు కనిపించకపోవచ్చు. చెంచా. టీలో చక్కెర కలుపుకునే చిన్న చెంచా. దీని నిండా ఉప్పు ఉంది. పోగు పెట్టలేదు, పైన వేలితో గీసి సమం చేశాను. ఇది సుమారు 5 గ్రాములు. పెద్దవాళ్లు ఎవరైనా సరే, రోజు మొత్తానికి ఇంతకంటే తక్కువే తినమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. మొత్తానికి అంటే మొత్తానికే. వంటలో వేసింది, పైన చల్లుకున్నది, ప్యాకెట్‌లో వచ్చింది, అన్నీ కలిపి.

ఇదిగో, ఇప్పుడు రెండో చెంచా పోస్తున్నాను. రెండూ కలిపి 10 గ్రాములు. ప్రపంచం మొత్తం మీద సగటున ఒక మనిషి రోజుకు తింటున్నది 10.8 గ్రాములని ఆ సంస్థే అంచనా వేసింది. అంటే ఈ రెండు చెంచాలు, పైన ఇంకో చిటికెడు. చూడటానికి పెద్ద విషయంలా లేదు కదా? మొదటి చెంచాతో నాకు పేచీ ఏమీ లేదు. ఇవాళ నేను మాట్లాడేదంతా ఈ రెండో చెంచా గురించే. దీన్ని ఎవరు వేస్తున్నారు? దీనివల్ల ఏమవుతోంది? తీసెయ్యాలంటే ఎవరి చెయ్యి పట్టుకోవాలి?

మీలో బీపీ ఉన్నవాళ్లు చేతులెత్తండి అని అడగను. అడిగినా లెక్క సరిగ్గా రాదు. ప్రపంచంలో 30 నుంచి 79 ఏళ్ల మధ్య వయసువాళ్లలో 128 కోట్ల మందికి బీపీ ఉందని 2019 నాటి లెక్కల అంచనా. అందులో దాదాపు సగం మందికి తమకు బీపీ ఉన్న సంగతే తెలియదు. నొప్పి ఉండదు, జ్వరం రాదు. తలనొప్పి వస్తేనే బీపీ అనుకుంటారు, అది కూడా నిజం కాదు. చూపించుకున్న రోజునే తెలుస్తుంది.

ఉప్పు మాట ఎత్తగానే నాకు ఎదురయ్యే ప్రశ్న ఒకటుంది. ముప్పై ఏళ్లుగా అదే ప్రశ్న. "డాక్టరుగారూ, మా నాన్నగారు ఉప్పు దండిగా తిన్నారు, తొంభై ఏళ్లు బతికారు. నేను చప్పిడి తింటున్నాను, నాకు బీపీ వచ్చింది. ఇంక ఉప్పుకూ బీపీకీ సంబంధం ఏమిటండీ?" ఇది తెలివితక్కువ ప్రశ్న కాదు. చాలా మంచి ప్రశ్న. నిజం చెప్పాలంటే చాలా కాలం నా దగ్గర దీనికి సరైన జవాబు లేదు. ఏదో "వంశంలో ఉందేమో" అని దాటేసేవాణ్ణి.

జవాబు నాకు జెఫ్రీ రోజ్ దగ్గర దొరికింది. లండన్‌లో పనిచేసిన వైద్యుడు, జబ్బులు జనంలో ఎలా వ్యాపిస్తాయో చదివిన మనిషి. 1985లో ఒక వ్యాసం రాశాడు. అందులో ఆయన వేసిన ఉదాహరణ వినండి. ఒక దేశంలో ప్రతివాడూ రోజుకు ఇరవై సిగరెట్లు కాలుస్తాడనుకోండి. కాల్చనివాడు ఒక్కడు కూడా లేడు. అప్పుడు ఊపిరితిత్తుల క్యాన్సర్ ఎందుకు వస్తోందని మనం పరిశోధన మొదలుపెడితే ఏం తేలుతుంది? క్యాన్సర్ వచ్చినవాడూ ఇరవై కాల్చాడు, రానివాడూ ఇరవై కాల్చాడు. సిగరెట్‌కు సంబంధం లేదు, ఇది వంశపారంపర్యం అని తేల్చేస్తాం. లెక్కలన్నీ సరిగ్గానే ఉంటాయి. తీర్పు మాత్రం తప్పు!

ఉప్పు సంగతి కూడా అంతే. అందరం రెండు చెంచాలు తింటున్నాం. ఒకరు రెండున్నర, ఒకరు ఒకటిన్నర. ఆ తేడాతో మీ నాన్నగారినీ మిమ్మల్నీ పోల్చి చూస్తే ఏమీ తెలియదు. ఈ మనిషికి ఎందుకొచ్చింది అన్నది ఒక ప్రశ్న. ఇంతమందికి ఎందుకొస్తోంది అన్నది వేరే ప్రశ్న. నేను ముప్పై ఏళ్లు మొదటి ప్రశ్నకే జవాబు వెతుక్కున్నాను.

మరి ఉప్పు తినని మనుషులు ఎక్కడైనా ఉన్నారా? ఉన్నారు. 1988లో ఇంటర్‌సాల్ట్ అనే అధ్యయనం వచ్చింది. 32 దేశాల్లో 52 చోట్ల, పదివేల మందికి పైగా మనుషుల్ని చూశారు. ఎంత ఉప్పు తిన్నారని నోటితో అడగలేదు. అడిగితే అందరం తక్కువే చెబుతాం, మీరూ చెబుతారు, నేనూ చెబుతాను. అందుకని ఒక్కొక్కరి దగ్గరా 24 గంటల మూత్రం పట్టారు. నవ్వకండి. ఆ పని ఎంత కష్టమో చేయించినవాళ్లకే తెలుస్తుంది. పొద్దున లేచాక మొదటిది పారబోయాలి, అప్పుడు టైమ్ రాసుకోవాలి, అక్కణ్ణించి మర్నాడు పొద్దున అదే టైమ్ దాకా ప్రతి చుక్కా ఒక డబ్బాలో పట్టాలి. ఆఫీసుకు వెళ్లినా డబ్బా వెంట ఉండాలి. ఒక్కసారి మర్చిపోయినా మొత్తం వృథా. కానీ ఉప్పులో బీపీని పెంచే భాగం సోడియం. తిన్న సోడియంలో దాదాపు పదింట తొమ్మిది వంతులు మూత్రంలోనే పోతుంది కాబట్టి, అంతకంటే నమ్మకమైన సాక్షి లేడు.

అమెజాన్ అడవుల్లో యానోమామి అనే జాతి ఉంది. వాళ్ల మూత్రంలో సోడియం దాదాపు లేదు. సగటు బీపీ ఎంతో తెలుసా? సుమారు 95 మీద 61. యువకుల మాట కాదు, ఆ అధ్యయనంలో 20 నుంచి 59 ఏళ్ల వాళ్లందరినీ కలిపి. వయసుతోపాటు బీపీ పెరగడం మనకు మామూలు విషయం, జుట్టు నెరిసినట్టు. వాళ్లలో ఆ పెరుగుదలే లేదు. రెండో కొసన చైనాలోని తియాన్‌జిన్ ఉంది. అక్కడివాళ్లు రోజుకు సుమారు 14 గ్రాములు తింటున్నారు.

ఇక్కడ ఒక మాట దాచకుండా చెప్పాలి. ఈ అధ్యయనం మీద పెద్ద గొడవ జరిగింది. ఉప్పు బాగా తక్కువ తినే నాలుగు జాతుల్ని లెక్కలోంచి తీసేస్తే, మిగిలిన 48 చోట్ల ఉప్పుకూ ఆ ఊరి సగటు బీపీకీ ఉన్న సంబంధం నిలవలేదు. విమర్శకులు దాన్నే పట్టుకున్నారు. అయితే వయసుతో బీపీ ఎంత వేగంగా పెరుగుతుంది అన్న లెక్క మాత్రం ఆ 48 చోట్ల కూడా ఉప్పును బట్టే నడిచింది. ఇంకో అభ్యంతరం కూడా ఉంది, అది మీకూ తట్టే ఉంటుంది. అడవిలో ఉండేవాళ్లకు లావు లేదు, తాగుడు లేదు, ఆఫీసు టెన్షన్ లేదు. వాళ్ల బీపీ తక్కువ ఉండటం ఉప్పు మహిమేనని ఎలా అంటారు?

సరే, చింపాంజీల దగ్గరకు వెళ్దాం. వాటికి బ్యాంకు లోను లేదు కదా? 1995లో డెంటన్ అనే శాస్త్రవేత్త, ఆయన బృందం ఈ ప్రయోగం ప్రచురించారు. గాబన్ దేశంలో ఒక చింపాంజీల స్థావరం. తిండి అదే, చోటు అదే, తోటి జంతువులు అవే. కొన్నిటికి మాత్రం ఉప్పు కలపడం మొదలుపెట్టారు. రోజుకు 5 గ్రాములు, తర్వాత 10, తర్వాత 15. ఇరవై నెలలయ్యేసరికి వాటి బీపీ పై అంకె సగటున 33, కింది అంకె 10 పెరిగాయి. అన్నిటికీ ఒకేలా పెరగలేదు, మనుషుల్లో లాగే. ఉప్పు ఆపేశారు. ఆరు నెలల్లో బీపీ మళ్లీ మొదటికి వచ్చింది. ఈ ప్రయోగం చదివిన రోజున నాకున్న అనుమానం పోయింది.

మన శరీరం చేసే పని ఏమిటంటే, రక్తంలో ఉప్పదనం ఒకే స్థాయిలో ఉండాలని పట్టుబడుతుంది. ఉప్పు ఎక్కువైతే దాహం వేస్తుంది, నీళ్లు తాగుతాం, కిడ్నీలు కూడా నీళ్లు పట్టి ఉంచుతాయి. పైపులు అవే, లోపల ద్రవం పెరిగింది. ఒత్తిడి పెరుగుతుంది. ఆ ఒత్తిడి సాయంతో కిడ్నీలు ఎక్కువ ఉప్పును బయటకు తోస్తాయి. అంటే ఒక రకంగా బీపీ పెరగడం కిడ్నీలు చెల్లిస్తున్న మూల్యం. కిడ్నీలు బలంగా ఉన్న పాతికేళ్లవాడికి ఆ మూల్యం తెలియదు. ఏళ్ల తరబడి అలా తోసి తోసి రక్తనాళాలు గట్టిపడతాయి. అప్పుడు నలభై అయిదో ఏట ఎవరో చెయ్యికి పట్టీ చుట్టి చూసి, "మీకు బీపీ ఉందండీ" అంటారు. నిన్న వచ్చిన జబ్బు కాదది.

రోజ్ చెప్పిన రెండో సంగతి ఇంకా ముఖ్యం. మా డాక్టర్లకు అది మింగుడుపడదు. 180 ఉన్న మనిషి వస్తే మేం కంగారు పడతాం, పడాలి కూడా. కానీ అలాంటివాళ్లు ఎంతమంది ఉంటారు? కొద్దిమంది. 130, 135, 140 దగ్గర ఉన్నవాళ్లు ఎంతమంది? లెక్కలేనంతమంది. ఒక్కొక్కరికీ ప్రమాదం కొంచెమే, కానీ మనుషులు ఎక్కువ. అందుకే పక్షవాతాలూ గుండెపోట్లూ చాలా వరకు ఆ మధ్య గుంపులోంచే వస్తాయి. ఆ గుంపు మందుల షాపుకు వెళ్లదు, మా దగ్గరకు రాదు.

పదిలక్షల మంది లెక్కలు కలిపి చూసిన పెద్ద పరిశీలన ఒకటి 2002లో వచ్చింది. 40 నుంచి 69 ఏళ్ల మధ్య, పై అంకె 20 పెరిగితే పక్షవాతంతో చనిపోయే ప్రమాదం రెండింతలకు పైగా అవుతుంది. ఇది 140 దాటాక మొదలయ్యేది కాదు, 115 నుంచే మొదలవుతుంది. కాబట్టి దేశంలో అందరి బీపీ రెండంటే రెండు పాయింట్లు తగ్గినా, మీకు తెలియదు, మీ పక్కనున్నవాళ్లకు తెలియదు, ఆసుపత్రిలో పక్షవాతం వార్డుకు మాత్రం తెలుస్తుంది.

రెండు పాయింట్లు తగ్గడం ఉప్పుతో సాధ్యమేనా అంటే, అంతకంటే ఎక్కువే సాధ్యం. 2001లో అమెరికాలో డాష్ సోడియం అని ఒక ప్రయోగం చేశారు. 412 మంది. వాళ్లు తినే తిండి మొత్తం వండి ఇచ్చారు, కాబట్టి దొంగతనంగా తినే వీలు పెద్దగా లేదు. మామూలు తిండిలోనే ఉప్పు ఎక్కువ ఉన్న స్థాయి నుంచి తక్కువ స్థాయికి దించితే పై అంకె సగటున 6.7 తగ్గింది. నెలరోజుల్లో! బీపీ లేనివాళ్లకు కూడా తగ్గింది.

ఇప్పుడు అసలు ప్రశ్నకు వద్దాం. రెండో చెంచా ఎవరు వేస్తున్నారు?

నా దగ్గరకు వచ్చే ఒక పెద్దమనిషి ఉన్నారు. రిటైరైన మాస్టారు. బీపీ తగ్గడం లేదు, మందు మీద మందు రాస్తున్నాను. "ఉప్పు తగ్గించారా?" అని అడిగితే ఆయన భార్య కళ్లనీళ్లు పెట్టుకున్నారు. "ఎనిమిది నెలలైందండీ, వంటలో చిటికెడు కూడా వెయ్యడం లేదు. ఈయన అన్నం దగ్గర కూర్చుంటే నాకే బాధగా ఉంటోంది" అన్నారు. నేను లోపల్లోపల నమ్మలేదు. ఆ మాట ఒప్పుకోవాలి. దొంగచాటుగా తింటున్నారనుకున్నాను. మూడు రోజులు నోట్లో పెట్టుకున్న ప్రతిదీ రాసి తీసుకురమ్మన్నాను. మాస్టారు కదా, గీతలు గీసిన కాగితం మీద టైముతో సహా రాసి తెచ్చారు. ప్యాకెట్ల రేపర్లు కూడా కవరులో పెట్టి తెచ్చారు.

పొద్దున బ్రెడ్ నాలుగు ముక్కలు. బ్రెడ్‌లో ఉప్పేమిటి, చప్పగా ఉంటుంది కదా అంటారు. వంద గ్రాముల బ్రెడ్‌లో గ్రాము ఉప్పు ఉండటం మామూలే. తర్వాత సూప్ పొడి ప్యాకెట్, ఒంటికి మంచిదని. సాయంత్రం బిస్కెట్లు, తియ్యటివే. ఇక మోకాళ్ల నొప్పులకు, నీళ్లలో వేస్తే బుసబుస పొంగే బిళ్లలు, రోజుకు నాలుగు. అలా పొంగే నొప్పి బిళ్లల్లో ఒక్కొక్కదానిలో సుమారు 400 మిల్లీగ్రాముల సోడియం ఉండేవి ఉన్నాయి. నాలుగు బిళ్లలంటే 1,600. రోజు మొత్తానికి ఉండాల్సిందే 2,000 లోపు, అంటే మొదటి చెంచా ఉప్పులో ఉన్నంత! ఆ ఇల్లాలు ఎనిమిది నెలలు కష్టపడి చెంచా పక్కన పెడితే, ఆ చెంచా వేరే దారిన ఇంట్లోకి వచ్చేసింది. ఆ బిళ్లలు రాసింది ఎవరని అడగరేం? నేనే. మామూలు బిళ్ల మింగలేకపోతున్నానంటే రాశాను.

అన్నట్టు, ప్యాకెట్ మీద లెక్క చూసేటప్పుడు ఒక మెలిక ఉంది. చాలాచోట్ల ఉప్పు అని రాయరు, సోడియం అని రాస్తారు. సోడియం అంకెను రెండున్నరతో గుణించండి, ఉప్పు లెక్క వస్తుంది. 800 మిల్లీగ్రాముల సోడియం అంటే 2 గ్రాముల ఉప్పు. 800 అంటే ఏదో చిన్న సంగతిలా అనిపిస్తుంది, 2 గ్రాములు అనగానే ఉలిక్కిపడతాం.

పారిశ్రామిక దేశాల్లో తినే ఉప్పులో దాదాపు ముప్పాతిక వంతు ఇలాగే వస్తుంది, ఫ్యాక్టరీలో వేసింది, హోటల్లో వేసింది. అక్కడ గృహిణికి ఉపన్యాసం ఇచ్చి ఏం లాభం? బ్రిటన్ ఈ సంగతి గ్రహించింది. 2003 తర్వాత ఆహార ప్రమాణాల సంస్థ కంపెనీలను కూర్చోబెట్టి, ఎనభైకి పైగా రకాల తిండి పదార్థాలకు ఉప్పు హద్దులు పెట్టింది. ఒక్కసారిగా కాదు, ఏళ్ల మీద కొంచెం కొంచెంగా. బ్రెడ్‌లో పదేళ్లలో 20 శాతం ఉప్పు తగ్గింది. కొనేవాళ్లు ఎవరూ గమనించలేదు. ఎందుకంటే నాలుక అలవాటు పడుతుంది. కొన్ని వారాలు తక్కువ ఉప్పు తింటే, పాత రుచి కషాయంలా అనిపిస్తుంది. దేశం సగటు 9.5 గ్రాముల నుంచి 2011 నాటికి 8.1కి దిగింది. తర్వాత ఒత్తిడి పెట్టేవాళ్లు లేక ఆ వేగం ఆగిపోయింది. కంపెనీలు వాటంతటవే మంచివి అవుతాయని నేను నమ్మకపోవడానికి ఇదొక కారణం.

ఫిన్‌లాండ్ ఇంకా ముందే మొదలుపెట్టింది. 1972లో నార్త్ కరేలియా అనే జిల్లాలో గుండెజబ్బుల మీద పని మొదలైంది, అప్పట్లో మధ్యవయసు మగవాళ్లు అక్కడ పిట్టల్లా రాలిపోయేవాళ్లు. ఉప్పు మీద దేశమంతటా ప్రచారం ఆ దశాబ్దం చివర్లో వచ్చింది. 1993లో చట్టమే తెచ్చారు. ఉప్పు ఒక హద్దు దాటిన తిండి మీద "ఉప్పు ఎక్కువ" అని రాసి తీరాలి. అలా రాసుకోవడం ఏ కంపెనీకి ఇష్టం? చాలామంది ఉప్పే తగ్గించుకున్నారు. అక్కడ గుండెపోటు, పక్షవాతం మరణాలు ఎంతో తగ్గాయి. అదంతా ఉప్పు ఖాతాలో వేస్తే తప్పు, కొవ్వులు తగ్గించారు, సిగరెట్లు తగ్గించారు. ఉప్పు వాటా ఉప్పుది.

మరి ఉప్పంతా వంటింట్లోనే పడే చోట ఏం చెయ్యాలి? అక్కడ ఉప్పునే మార్చి చూశారు. చైనాలో 600 గ్రామాలు, దాదాపు 21 వేల మంది. అంతకుముందు పక్షవాతం వచ్చినవాళ్లు, లేదా అరవై దాటి బీపీ ఉన్నవాళ్లు. సగం గ్రామాలకు మామూలు ఉప్పు. మిగతా సగానికి, నాలుగో వంతు పొటాషియం క్లోరైడ్ కలిపిన ఉప్పు. సుమారు అయిదేళ్లు చూశారు. 2021లో ఫలితం వచ్చింది. పక్షవాతాలు 14 శాతం తగ్గాయి, మరణాలు 12 శాతం తగ్గాయి. ఎవరికీ ఉపన్యాసం చెప్పలేదు, డబ్బా మార్చారు, అంతే. అయితే ఇది విని రేపే వెళ్లి కొనేయకండి. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లకు, కొన్ని రకాల బీపీ మందులు వాడేవాళ్లకు ఒంట్లో పొటాషియం పేరుకుపోతుంది, అది గుండెను ఆపేయగలదు. మీ డాక్టరును అడిగాకే.

ఇందాక ఒకరు చీటీ పంపారు. "ఉప్పు మరీ తగ్గిస్తే కూడా ప్రమాదమని పేపర్లో చదివాను" అని. అవును, అలా చెప్పిన పెద్ద అధ్యయనాలు ఉన్నాయి, ఆ వాదన ఇంకా నడుస్తూనే ఉంది. నాకు అందులో కనిపించే లోపం ఏమిటంటే, వాటిలో చాలావరకు ఒక్కసారి పట్టిన మూత్రంతో రోజు మొత్తం ఉప్పును అంచనా వేశారు. నేను ఇందాక చెప్పిన డబ్బా గుర్తుందా? ఆ డబ్బా కష్టం తప్పించుకున్నారు. పైగా జబ్బుపడ్డ మనిషి తిండి తగ్గిస్తాడు, ఉప్పూ తగ్గుతుంది. తక్కువ ఉప్పు వల్ల జబ్బు పడ్డాడా, జబ్బువల్ల ఉప్పు తగ్గిందా? అయినా రెండు చెంచాలు తినే మనకు మొదటి చెంచా కన్నా కిందికి పోతామేమోనన్న భయం ఇప్పుడే ఎందుకు?

ఇంకో చీటీ ఉంది. గులాబీ రంగు ఉప్పు, రాతి ఉప్పు, సముద్రపు ఉప్పు, వీటిలో ఏది మంచిది? అన్నీ సోడియం క్లోరైడే. రంగుకు కారణమైన ఖనిజాలు ఉంటాయి, కానీ అవి చిటికెడులో చిటికెడు. వాటిలో తరచూ లేనిది అయోడిన్. గాయిటర్, అంటే గొంతు దగ్గర వచ్చే వాపు, రాకుండా ఉప్పులో కలుపుతున్నది అదే. ఉప్పు తగ్గిస్తే అయోడిన్ తగ్గదా అంటే, కలిపే పాళ్లు పెంచుకుంటే సరిపోతుంది.

మాస్టారి సంగతి చెప్పడం మర్చిపోయాను. ఆ బిళ్లలు ఆపేశాం, మామూలు బిళ్ల సగానికి విరిచి వేసుకుంటున్నారు. సూప్ పొడి మానేశారు. బీపీ మందుల్లో ఒకటి తగ్గించాను. కిందటి నెల వచ్చినప్పుడు ఆవిడ అడిగారు, "ఇప్పుడు వంటలో కొంచెం ఉప్పు వేసుకోవచ్చాండీ?" అని. వేసుకోమన్నాను.